వంశమూలాల అన్వేషణ – బంధుత్వ బాధ్యత

 

కొత్త ఊరికి వెళితే అక్కడి పెద్దలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరి అబ్బాయివి బాబూ?" మనం తండ్రి పేరు చెబుతాం. వారికి తెలియకపోతే తాత పేరు చెబుతాం. ఎక్కడో ఒకచోట తెలిసిన పేరు తగులుతుంది. వెంటనే ఆ పెద్దాయన ముఖం వికసిస్తుంది. "అయితే నువ్వు మా వాడివే" అంటూ కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు. అంతవరకు పరాయివాడుగా నిలబడ్డ మనిషి ఒక్క పేరుతో బంధువయిపోతాడు.

వంశాన్ని గురించిన జ్ఞానానికి అల్లాహ్ ఉంచిన ప్రయోజనం ఇదే. మానవులందరినీ ఒకే పురుషుడు, ఒకే స్త్రీ నుండి సృష్టించి, జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తించడానికేనని దివ్యఖుర్ఆన్ సూరా హుజురాత్ 13వ ఆయత్‌లో తెలియజేస్తోంది. ఆ వెంటనే, అల్లాహ్ దగ్గర ఎక్కువ గౌరవం పొందేది ఎక్కువ దైవభీతి గలవారేనని కూడా స్పష్టం చేస్తోంది. వంశం గుర్తింపు కోసం, గౌరవం దైవభీతిని బట్టి. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడల్లా మానవాళి దారి తప్పింది.

నేడు లోకమంతటా లక్షలాది మంది ప్రభుత్వ దస్తావేజుల్లో, జిల్లా కచేరీల్లో, ప్రార్థనా స్థలాల రిజిస్టర్లలో తమ పూర్వీకుల పేర్లు వెతుక్కుంటున్నారు. ఈ అన్వేషణ విషయంలో ఇస్లాం ఏమంటుంది? ఎందుకు వెతకాలి? దొరికిన తర్వాత ఏం చేయాలి? దొరకకపోతే మనిషి విలువ తగ్గుతుందా? ఈ విషయాలను కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మహాప్రవక్త (స) బోధన

బంధుత్వ హక్కులు నెరవేర్చడానికి అవసరమయినంత మేరకు మీ వంశావళిని నేర్చుకోండని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. బంధువుల హక్కులు నెరవేర్చడం వల్ల కుటుంబంలో ప్రేమ, సంపదలో సమృద్ధి, ఆయుష్షులో వృద్ధి కలుగుతాయని కూడా ఆయన చెప్పారు. వంశజ్ఞానానికి ఇక్కడ ఒక లక్ష్యం నిర్ణయించబడింది. ఎవరు నాకు ఏమవుతారో తెలిస్తేనే ఎవరి పట్ల నాకు ఏ బాధ్యత ఉందో తెలుస్తుంది. ఎవరితో వివాహం ధర్మసమ్మతం, ఎవరితో నిషిద్ధం, ఎవరికి ఆస్తిలో వాటా ఉంది, ఎవరి పోషణ నా మీద ఉంది అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు బంధుత్వం తెలిస్తేనే దొరుకుతుంది.

ఎన్ని తరాల క్రితపు బంధుత్వమైనా బాధ్యతేనా? సహీహ్ ముస్లింలోని ఒక హదీసు చూడండి. మీరు ఈజిప్టులో ప్రవేశించినప్పుడు అక్కడి ప్రజల పట్ల మంచిగా మెలగండి, వారితో మనకు ఒప్పందపు బాధ్యత, రక్తసంబంధం ఉన్నాయని దైవప్రవక్త (స) తన సహచరులకు తాకీదు చేశారు. ఏమిటా రక్తసంబంధం? హజ్రత్ ఇస్మాయీల్ (అలైహి) తల్లి హజ్రత్ హాజిరా ఈజిప్టు మహిళ. వేల సంవత్సరాల నాటి ఒక తల్లిని జ్ఞాపకం పెట్టుకుని, ఆ తల్లి పుట్టింటి దేశం మొత్తాన్ని బంధువులుగా చూడమన్నారు. పూర్వీకుల జ్ఞాపకం ఎందుకు పనికిరావాలో ఇంతకంటే గొప్పగా ఎవరు చెప్పగలరు?

సహచరులలో హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖురైష్ వంశాల గురించి బాగా తెలిసినవారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 20 ప్రాంతంలో, ప్రజలకు భత్యాలు పంచడానికి 'దీవాన్' అనే రిజిస్టరు తయారయింది. ఆ పనిని వంశావళి తెలిసిన ముగ్గురికి అప్పగించారు: హజ్రత్ అఖీల్ బిన్ అబీతాలిబ్, హజ్రత్ మఖ్‌రమా బిన్ నౌఫల్, హజ్రత్ జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి). వారు ఖలీఫా వంశాన్ని పైభాగాన రాయగా, హజ్రత్ ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స)కు దగ్గరి బంధువులతో ప్రారంభించి, ఉమర్‌ను అల్లాహ్ ఎక్కడ ఉంచాడో అక్కడే ఉంచమన్నారు. ఇస్లామీయ చరిత్రలో ప్రభుత్వం తయారుచేయించిన తొలి కుటుంబ రిజిస్టరు ఇది. హక్కుదారునికి హక్కు చేర్చడానికి పుట్టిన పుస్తకం అది. దానిలో పాలకుడు తన వంశాన్ని కిందికి దించుకున్నాడు.

పేరు రాయని పట్టికలు

ప్రభుత్వ రిజిస్టరు న్యాయానికి సాధనం కావచ్చు. అన్యాయానికి సాక్ష్యం కూడా కావచ్చు. దీనికి అమెరికా చరిత్ర ఒక పెద్ద ఉదాహరణ.

ఆఫ్రికా నుండి దాదాపు 1 కోటి 25 లక్షల మందిని బానిసలుగా ఓడలెక్కించారని చరిత్రకారుల లెక్క. దాదాపు 1 కోటి 7 లక్షల మంది మాత్రమే ప్రాణాలతో అమెరికా ఖండాల తీరం చేరారు. వారిలో నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రాంతానికి నేరుగా వచ్చినవారు సుమారు 3 లక్షల 88 వేల మంది. ఫూటా టోరో, ఫూటా జాలోన్ వంటి పశ్చిమాఫ్రికా ప్రాంతాలకు చెందిన ముస్లింలు వారిలో ఉన్నారు. ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు, మద్రసాలలో చదువు చెప్పినవారు కూడా ఉన్నారు.

అమెరికాలో 1790 నుండి పదేళ్లకోసారి జనగణన జరుగుతోంది. 1850 నుండి స్వేచ్ఛాజీవులైన ప్రతి ఒక్కరి పేరూ రాశారు. కాని 1850, 1860 సంవత్సరాల్లో బానిసలకు వేరే పట్టిక పెట్టారు. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరుసగా వయస్సు, ఆడా మగా, రంగు. అంతే! కొద్దిచోట్ల తప్ప మనిషి పేరు లేదు. 40 ఏళ్ల స్త్రీ, 12 ఏళ్ల బాలుడు, 3 ఏళ్ల పసిపాప. ఆ స్త్రీ ఆ పాపకు తల్లో కాదో కాగితం చెప్పదు. యజమాని చనిపోతే కౌంటీ కోర్టులో ఆస్తి జాబితా దాఖలు చేసేవారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఆ జాబితాలో ఎడ్లు, నాగళ్లు, మంచాల పక్కనే మనుషుల పేర్లు, వారి ఎదురుగా ధర!

అంతర్యుద్ధం ముగిసి, 1865లో బానిసత్వం రద్దయింది. 1870 జనగణనలో మొదటిసారిగా ఆ లక్షలాది ప్రజలందరి పేర్లు రాయబడ్డాయి. అందుకే నల్లజాతి అమెరికన్లు పూర్వీకుల కోసం వెనక్కి వెతుక్కుంటూ వెళితే 1870 దగ్గర ఒక గోడ అడ్డం వస్తుంది. గోడకు ఇవతల పేర్లు. అవతల వయస్సులు, ధరలు.

మాల్కమ్ అనే యువకుడు తన పేరు చివర 'ఎక్స్' అని రాసుకోవడానికి కారణం ఇదే. తన పూర్వీకుల అసలు ఇంటిపేరు ఏమిటో ఎన్నటికీ తెలియదు, ఉన్న ఇంటిపేరు బానిస యజమానులు అంటగట్టినది, కాబట్టి ఆ ఖాళీకి గుర్తుగా ఎక్స్. 1964లో ఆయన హజ్‌కు వెళ్లారు. అన్ని రంగుల మనుషులు ఒకే పళ్లెంలో తినడం, ఒకే వరుసలో నమాజు చేయడం అక్కడ కళ్లారా చూశారు. జాతిభేదాన్ని గురించిన తన పాత అభిప్రాయాలను మార్చుకున్నారు. కాగితాలు ఇవ్వలేని సోదరత్వం ఆయనకు కాబా ముంగిట దొరికింది.

చెరిగిపోని మూడు పేర్లు

మనుషుల పేర్లు చెరిపివేయడానికి ఒక వ్యవస్థ అంతా పనిచేసినా, అల్లాహ్ నిలపదలచిన వాటిని ఎవరూ చెరపలేకపోయారు.

ఉమర్ బిన్ సయీద్ నేటి సెనెగల్‌లోని ఫూటా టోరో వాసి. పాతికేళ్లు విద్య అభ్యసించిన పండితుడు. 1807లో బందీగా చార్లెస్‌టన్ చేరారు. క్రూరుడైన యజమాని దగ్గర నుండి పారిపోయి, నార్త్ కరోలినాలో పట్టుబడ్డారు. జైలు గోడల మీద అరబ్బీలో రాస్తుంటే జనం ఆశ్చర్యపోయి చూశారు. 1831లో తన జీవితకథను అరబ్బీలోనే రాశారు. దాన్ని సూరా ముల్క్‌తో ప్రారంభించారు. సర్వాధికారం అల్లాహ్ చేతిలోనే ఉందని చెప్పే సూరా అది. మరొకరి ఆస్తిగా లెక్కించబడుతున్న మనిషి, యజమాని ఎవరో మొదటి పుటలోనే తేల్చి చెప్పాడు! తన జన్మస్థలం, తన గురువుల పేర్లు కూడా అందులో రాసి ఉంచారు. తరువాతి కాలంలో ఆయన చర్చిలో చేరినట్లు రికార్డులు చెబుతాయి. ఆయన హృదయంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. ఆ రాతప్రతిని 2017లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరించింది.

అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా ఫూటా జాలోన్ పాలకుని కుమారుడు. 1788లో యుద్ధంలో బందీ అయి, మిసిసిపి నదీతీరంలోని నాచెజ్‌లో అమ్ముడుపోయారు. 1807లో అక్కడి సంతలో ఒక తెల్లజాతి వైద్యుడు ఆయన్ను గుర్తుపట్టాడు. ఆ వైద్యుడు ఒకప్పుడు ఆఫ్రికాలో జబ్బుపడి దారితప్పితే, అబ్దుర్రహ్మాన్ తండ్రి ఇంట పెట్టుకుని కాపాడాడు. ఆ మేలు తీర్చుకోవడానికి వైద్యుడు ఎంత ప్రయత్నించినా యజమాని వదల్లేదు. చివరికి 1828లో, నలభై ఏళ్ల తర్వాత, అబ్దుర్రహ్మాన్‌కు విముక్తి లభించింది. అప్పుడు ఆయన వెంటనే స్వదేశానికి వెళ్లలేదు. పిల్లలను విడిపించే డబ్బు కోసం ఉత్తరాది నగరాలన్నీ తిరిగారు. 1829లో లైబీరియా చేరి, కొద్ది నెలలకే అక్కడ మరణించారు. ఆయన సేకరించిన ధనంతో ఇద్దరు కుమారులు, వారిలో ఒకరి భార్యాబిడ్డలు విముక్తులయ్యారు. మిగతా సంతానం అమెరికాలోనే ఉండిపోయింది. ఒక కుటుంబం మహాసముద్రానికి ఇటూ అటూ చీలిపోయింది.

మూడవవారు జార్జియా రాష్ట్రంలోని సాపెలో దీవికి చెందిన బిలాలీ ముహమ్మద్. తోటపని మీద పెత్తనం చేసే బానిస ఆయన. మాలికీ ఫిఖ్హ్‌కు సంబంధించిన విషయాలను 13 పుటల చిన్న అరబ్బీ పుస్తకంగా రాసి విడిచి వెళ్లారు. అది నేడు జార్జియా విశ్వవిద్యాలయంలో ఉంది. ఆయన కుమార్తెలలో ఒకరి పేరు ఫాతిమా, మరొకరి పేరు మదీనా. 1930లలో ప్రభుత్వ పథకం కింద కొందరు ఆ తీరానికి వెళ్లి వృద్ధుల జ్ఞాపకాలు రాసుకున్నారు. బిలాలీ వంశస్థులు తమ పెద్దలు సూర్యోదయ వేళ మోకరిల్లి, తస్బీహ్ పూసలు లెక్కిస్తూ ప్రార్థించేవారని చెప్పారు. తమ నానమ్మ ఏడాదికోసారి బియ్యపు ఉండలు చేసి పిల్లలకు పంచుతూ వాటిని 'సరకా' అనేదని చెప్పారు. సదఖా అన్న మాటే అది! మద్రసా లేదు, మస్జిద్ లేదు, భాష పోయింది. అయినా ఒక తల్లి చేతి ముద్దలో సదఖా నిలిచింది.

వెతికే దారి

1870 గోడను దాటడానికి నేటి తరం ఎంతో ఓపికగా శ్రమిస్తోంది. వారి పద్ధతి మనం నేర్చుకోదగ్గది. ముందు ఇంట్లో ఉన్న వృద్ధులను అడుగుతారు. తర్వాత తెలిసిన దాని నుండి తెలియని దానికి, ఒక్కో తరంగా వెనక్కి వెళతారు. మొదట రాష్ట్ర ప్రభుత్వపు జనన మరణ రికార్డులు. వివాహ రిజిస్టర్లు, వీలునామాలు, భూమి దస్తావేజులు కౌంటీ కోర్టుల్లో దొరుకుతాయి. జనగణన పత్రాలను 72 ఏళ్ల తర్వాతే బయటపెడతారు. అందువల్ల 1950 నాటివి 2022లో బయటకు వచ్చాయి. 1890 నాటి పత్రాలలో అధికభాగం 1921లో జరిగిన అగ్నిప్రమాదం కారణంగా నష్టపోయాయి.

విముక్తులైన బానిసల సహాయానికి 1865లో 'ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో' అనే ప్రభుత్వ శాఖ ఏర్పడి, 1872 వరకు పనిచేసింది. దాని కాగితాల్లో వివాహాలు, కూలి ఒప్పందాలు, ఫిర్యాదులు ఉన్నాయి. వేలాది వాలంటీర్లు కూర్చుని దాదాపు 18 లక్షల పేర్లను వెతకడానికి వీలుగా సూచిక తయారుచేసి, 2016లో ముగించారు. ఎన్నడూ చూడని మనుషుల పేర్లు వెలికితీయడానికి అంతమంది తమ సమయం ఇచ్చారు. మన ఇంటి నానీ పేరు రాసుకోవడానికి మనకు ఒక సాయంత్రం దొరకడం లేదు!

ఆ రోజుల పత్రికల్లో మరో రకం రికార్డు ఉంది. న్యూ ఆర్లియన్స్‌లోని ఒక పత్రిక 1877 నుండి 'తప్పిపోయిన ఆత్మీయులు' అన్న అర్థం వచ్చే శీర్షిక నడిపింది. అమ్మివేయబడిన బిడ్డల కోసం తల్లులు, తల్లుల కోసం బిడ్డలు అందులో ప్రకటనలు వేయించేవారు. యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు, అన్నదమ్ముల పేర్లు గుర్తున్నంత మేరకు చెప్పుకునేవారు. ముప్పై, నలభై ఏళ్లు గడిచినా వెతుకులాట ఆగలేదు.

వీటిని చదువుతుంటే హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) తండ్రి గుర్తుకు వస్తాడు. చిన్నతనంలో దోపిడీదారులు జైద్‌ను ఎత్తుకుపోయి ఉకాజ్ సంతలో అమ్మేశారు. తండ్రి హారిసా కొడుకు కోసం కుమిలిపోతూ వెతికాడు. హజ్‌కు వచ్చిన తెగవారి ద్వారా ఆచూకీ తెలిసి, విడుదల సొమ్ముతో మక్కా చేరాడు. నిర్ణయం జైద్‌కే వదిలేశారు మహాప్రవక్త (స). జైద్ ఆయన దగ్గరే ఉండిపోతానన్నారు. అప్పటి నుండి జనం ఆయన్ను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలవసాగారు. అయినప్పటికీ సూరా అహ్‌జాబ్‌లోని 5వ ఆయత్ అవతరించి, పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవమని ఆదేశించింది. వెతికి వెతికి అలసిన ఒక తండ్రి పేరును అల్లాహ్ బిడ్డ పేరు పక్కన తిరిగి నిలిపాడు.

అదే ఆయత్‌లో మరొక మాట ఉంది. వారి తండ్రులెవరో మీకు తెలియకపోతే, వారు మీ ధార్మిక సోదరులు, మీ ఆత్మీయులు అని. అల్లాహు అక్బర్! రికార్డు దొరికినవాడికి తండ్రి పేరు. దొరకనివాడికి సోదరుల సమాజం. 1870 గోడ ముందు నిలబడి ఏడ్చే మనిషికి దీనికన్నా గొప్ప ఓదార్పు ఏముంటుంది?

అన్వేషకుడు పాటించవలసిన హద్దులు

1. సత్యం. తన తండ్రి కాని వానిని తెలిసి కూడా తండ్రిగా చెప్పుకునేవానికి స్వర్గం నిషిద్ధమని హదీసు హెచ్చరించింది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆధారం లేకుండా గొప్ప వంశాన్ని తగిలించుకోవడం, ఎవరో డబ్బు తీసుకుని రాసిచ్చిన వంశవృక్షాన్ని గోడకు వేలాడదీయడం విశ్వాసికి తగదు. హదీసు పండితులు ఒక్క మాట స్వీకరించడానికి ఉల్లేఖకుల గొలుసు మొత్తాన్ని పరీక్షించేవారు. ఒకే పేరు గలవారు ఇద్దరుంటే ఎవరు ఎవరో తేల్చేవారు. పూర్వీకులను వెతికేవారికీ అదే సూత్రం. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్లు కాదు. ఊరు, వయస్సు, భార్యాబిడ్డల పేర్లు కూడా సరిపోవాలి.

2. అహంకారం వద్దు. ఆచరణ వెనక్కి లాగిన మనిషిని వంశం ముందుకు నెట్టలేదని మహాప్రవక్త (స) హెచ్చరించారు. తన సొంత కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)తోనే, అల్లాహ్ ముందు నేను నీకు ఉపయోగపడలేనని చెప్పారు. ఇక మనమెంత?

3. ఇతరుల వంశాన్ని నిందించవద్దు. ఇది అజ్ఞానకాలపు లక్షణమని, అవిశ్వాసపు పోకడ అని హదీసులలో ఉంది. మన తెలుగు నేల మీద కూడా దూదేకుల, నూర్‌బాషా సోదరులను, చేతివృత్తుల వారిని చిన్నచూపు చూసే నోళ్లున్నాయి. 'వాళ్లు నిన్నమొన్న కలిసినవాళ్లు' అనే మాట పెళ్లిసంబంధాల దగ్గర వినబడుతుంది. అలా అనేవారు హజ్రత్ బిలాల్ (రజి) తాత ఎవరో చెప్పగలరా? ఆయన స్థానానికి అది అడ్డు వచ్చిందా?

4. లోపాలను బయటపెట్టవద్దు. పాత కాగితాల్లో కోర్టు కేసులు, విడాకులు, అప్పులు, జైళ్లు బయటపడతాయి. ఆ తరం గతించిపోయింది, వారు సంపాదించింది వారికి, మీరు సంపాదించింది మీకు, వారి పనుల గురించి మిమ్మల్ని ప్రశ్నించడం జరగదని సూరా బఖరా 134వ ఆయత్ సారాంశం. చనిపోయినవారి తప్పులు దొరికితే కప్పిపెట్టి, వారి కోసం దుఆ చేయాలి. అయితే వారు ఎవరికైనా బాకీ ఉన్నారని, ఎవరి హక్కునో కాజేశారని తేలితే దాన్ని కప్పిపెట్టకూడదు, తీర్చాలి.

5. డిఎన్ఎ పరీక్షల విషయంలో జాగ్రత్త. సరదాకు చేయించుకున్న పరీక్షలతో కాపురాలు కూలిన సందర్భాలున్నాయి. ధర్మబద్ధమైన వివాహం ద్వారా స్థిరపడిన వంశాన్ని కాదనడానికి డిఎన్ఎను ఆధారం చేసుకోకూడదని మక్కాలోని ఇస్లామిక్ ఫిఖ్హ్ కౌన్సిల్ 2002లో తీర్మానించింది. తప్పిపోయిన పిల్లలను, ప్రమాదాల్లో చనిపోయినవారిని గుర్తించడం వంటి అవసరాలకు దాన్ని ఉపయోగించుకోవచ్చు.

మన ఇళ్ల సంగతి

మన దగ్గర కూడా వెతికేవారికి దారులున్నాయి. పాత పహాణీలు, సేత్వార్లు, ఇనాం కాగితాలు, ఖాజీ దగ్గరి నికాహ్ రిజిస్టర్లు, మునిసిపాలిటీ జనన మరణ నమోదు పుస్తకాలు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొగలుల కాలం నుండి ఆసఫ్‌జాహీల కాలం వరకు పర్షియన్, ఉర్దూ దస్తావేజులున్నాయి. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా వెళ్లినవారి ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం రాసి ఉంటాయి. వారిలో తెలుగువారున్నారు, ముస్లింలున్నారు. ఆ వంశస్థులెవరైనా ఏదో ఒక రోజు ఊరి పేరు పట్టుకుని మన గుమ్మం ముందు నిలబడితే, ఆస్తి అడగడానికి వచ్చాడేమోనని భయపడకండి. సలాం చెప్పి లోపలికి పిలవండి.

సోదరులారా! ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1850 పట్టికలో మనుషుల పేర్లు రాయని గుమాస్తాను తలచుకుంటే మనకు కోపం వస్తుంది. రావాలి. అయితే తండ్రి చనిపోయాక మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? తహసీల్దారు కచేరీలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెడతారు. కొడుకుల పేర్లు వరుసగా రాస్తారు. పెళ్లయి వెళ్లిన అక్క పేరు, చెల్లెలి పేరు కొందరు వదిలేస్తారు. 'ఆమెకు కట్నం ఇచ్చాంగా', 'ఆమె అడగదులే', 'సంతకం కోసం తిరగాలి' అంటూ సాకులు చెబుతారు. ఒక గీత రాయకపోవడంతో ఒక మనిషి వారసత్వం మాయమవుతుంది. అమెరికాలోని ఆ గుమాస్తా పరాయివారి పేరు వదిలేశాడు. వీరు ఒకే తల్లి పాలు తాగిన ఆడబిడ్డ పేరు వదిలేస్తున్నారు.

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిన దానిలో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉందని, అది కొద్దిదైనా ఎక్కువైనా నిర్ణయించబడిన వాటా అని సూరా నిసా 7వ ఆయత్ ఖండితంగా చెబుతోంది. వాటాల వివరాలు చెప్పిన తర్వాత, ఆ హద్దులు మీరేవారికి నరకాగ్ని హెచ్చరిక 14వ ఆయత్‌లో ఉంది. తహసీల్దారు దగ్గర చెల్లెలి పేరు లేకపోవచ్చు. దైవదూతలు రాసే గ్రంథంలో ఆమె పేరూ ఉంటుంది, దాన్ని కొట్టివేసిన చేయి ఎవరిదో కూడా ఉంటుంది.

కాబట్టి ఈ నెలలోనే ప్రతి కుటుంబం ఒక పని చేయాలి. ఒక నోటు పుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చోండి. దాదా, దాదీ, నానా, నానీల పూర్తి పేర్లు, వారి తల్లిదండ్రుల పేర్లు, ఊళ్లు, ఖనన స్థలాలు రాసుకోండి. ఆడవారిని 'ఫలానావారి భార్య' అని వదిలేయకుండా వారి సొంత పేరు, తండ్రి పేరుతో రాయండి. ఇవ్వవలసిన అప్పులు, అమానతులు కూడా రాయండి. అప్పును రాసి పెట్టుకోమని చెప్పే ఆయతే ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్ అన్న సంగతి మరువకండి. చివరగా, ఆ పుస్తకంలోని జీవించి ఉన్న పేర్లలో ఎవరితో మాటలు ఆగిపోయాయో చూసి, వారికి ముందుగా మీరే సలాం చెప్పండి. వందేళ్ల క్రితపు ముత్తాతను వెతికి పట్టుకుని, పక్క వీధిలోని అన్నతో మాట్లాడని మనిషికి ఆ వంశవృక్షం వల్ల ఏం మేలు?

బాకా ఊదబడే రోజున వంశ సంబంధాలేవీ మిగలవని, ఒకరినొకరు అడగరని సూరా మూమినూన్ 101వ ఆయత్ గుర్తుచేస్తోంది. అప్పుడు అడిగే ప్రశ్న 'ఎవరి అబ్బాయివి?' అన్నది కాదు. మనం ఎవరి హక్కు నెరవేర్చాం, ఎవరి హక్కు కాజేశాం అన్నది.

ఓ అల్లాహ్! గతించిన మా పెద్దలను క్షమించు. ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా పోయిన నీ దాసుల మీద నీ కారుణ్యం కురిపించు. తెగిన బంధుత్వాలను కలిపే మనసు, ఆడబిడ్డల హక్కులు చెల్లించే ధైర్యం మాకు ప్రసాదించు. వంశగర్వం నుండి, అబద్ధపు సాక్ష్యం నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.